ఎవరికి ఏ పుస్తకం: చదవమని చెప్పే ముందు

చదివే అలవాటున్నవారు కలుసుకున్నప్పుడు "ఈ మధ్య ఏం చదివారు?" అన్న ప్రశ్న ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది; దానికి జవాబు చాలాసార్లు ఒక పుస్తకం పేరుతో మొదలై "తప్పకుండా చదవండి" అన్న మాటతో ముగుస్తుంది. ఆ పేరు చెప్పడానికీ, చదవమనడానికీ మధ్య జరగవలసిన ఆలోచన ఒకటుంది. అది జరగనందువల్లనే ఎన్నో మంచి పుస్తకాలు పది పేజీల దగ్గర మూతపడతాయి, పుస్తకం తనకు సరిపడదని నిర్ణయించుకోవలసిన పాఠకులు తమకసలు చదవడమే చేతకాదని నిర్ణయించుకుంటారు. ఆ నష్టం చిన్నది కాదు గనుక, పుస్తకాలను ఒకరికొకరు సూచించుకొనే పనిని ఒక నైపుణ్యంగా భావించి, దాన్ని ఎలా అలవరచుకోవాలో ఈ అధ్యాయం పరిశీలిస్తుంది.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. పుస్తకాన్ని మెచ్చుకోవడం, సమీక్షించడం, సూచించడం అనేవి మూడు వేర్వేరు పనులు. మెచ్చుకోలు చదివినవారి అనుభవాన్ని తెలుపుతుంది. సమీక్ష పుస్తకం గుణదోషాలను విచారించి, ఎవరని తెలియని పాఠకలోకం ముందుంచుతుంది. సూచనలో మాత్రం ఫలానా మనిషి ఎదురుగా ఉంటారు, ఆ మనిషికి ఒక వయసు, ఒక ఉద్యోగం, రోజులో మిగిలే కొంత తీరిక, ఇంతవరకు చదివిన కొన్ని పుస్తకాలు, ప్రస్తుతం మనసులో ఉన్న ఒక బరువో ఉత్సాహమో ఉంటాయి. వీటిలో ఏదీ తెలుసుకోకుండా చేసే సూచన నిజానికి మెచ్చుకోలే. మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని సూచనగా పొరబడినప్పుడే చిక్కు వస్తుంది.

గ్రంథాలయాలు ఎరిగిన విషయం

ఈ ఆలోచనకు మన దేశంలో గట్టి పునాది వేసినవారు షియాలి రామామృత రంగనాథన్. గణితం బోధిస్తూ, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతలు స్వీకరించిన ఆయన 1931లో ప్రచురించిన గ్రంథంలో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలను ప్రతిపాదించారు. పుస్తకాలు ఉపయోగించడానికే ఉన్నాయన్నది మొదటిది; ప్రతి పాఠకునికీ అతని పుస్తకం ఉంటుందన్నది రెండోది; ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడన్నది మూడోది; పాఠకుని కాలాన్ని కాపాడాలన్నది నాలుగోది; గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్నది అయిదోది. ఇవి గ్రంథాలయాధికారుల కోసం చెప్పినవే అయినా, రెండు, మూడు, నాలుగు సూత్రాలు పుస్తకం పేరు చెప్పే ప్రతి మనిషికీ వర్తిస్తాయి. రెండో సూత్రం పాఠకుని వైపు నుంచి, మూడో సూత్రం పుస్తకం వైపు నుంచి ఒకే సంబంధాన్ని చూస్తాయి. ఆ ఇద్దరినీ కలిపేవారు తమ పని బాగా చేస్తే నాలుగో సూత్రం దానంతటదే నెరవేరుతుంది. మూడో సూత్రంలో దాగి ఉన్న ఔదార్యం ప్రత్యేకంగా గమనించదగినది. ఎంత సామాన్యమైన పుస్తకానికైనా, ఎంత కఠినమైన పుస్తకానికైనా ఎక్కడో ఒక పాఠకుడు ఉన్నాడని నమ్మేవారు పుస్తకాలను మంచివి, చెడ్డవి అని రెండు గుట్టలుగా విడదీయడంతో తృప్తిపడలేరు. ఇది ఎవరిది అని వెతుకుతూనే ఉంటారు.

రంగనాథన్ సూత్రీకరించడానికి ముందే తెలుగునేల ఈ పనిని ఆచరణలో పెట్టింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సూత్రాలు వెలువడ్డాక కూడా ఆ ఒరవడి కొనసాగి, 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర ప్రాంతపు ఊళ్లకు పడవలో పుస్తకాలు పంపే ఏర్పాటు జరిగింది. పడవలో పట్టేవి కొన్ని పుస్తకాలే. ఏ రేవులో ఎవరు ఏం చదువుతారో తెలియకుండా వాటిని ఎంపిక చేయడం సాధ్యపడదు. అందువల్ల సంచార గ్రంథాలయం, అంటే పాఠకుల దగ్గరికి తానే వెళ్లే గ్రంథాలయం, ఎక్కువ పుస్తకాలను కాక తగిన పుస్తకాలను మోసుకెళ్లక తప్పదు. పుస్తకం పేరు చెప్పే ప్రతివారి పరిస్థితీ ఇదే, ఎందుకంటే వినేవారికి ఉండే ఓపిక ఒకటి రెండు పేర్లకే సరిపోతుంది.

1970, 80 దశకాలలో పట్టణాల్లో వీధివీధినా నడిచిన అద్దె లైబ్రరీలను సాహిత్య చరిత్ర అంతగా లెక్కలోకి తీసుకోదు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలు పైసలకూ రూపాయలకూ చేతులు మారిన ఆ చిన్న దుకాణాలలో, యజమానికి ఏ ఇంటివారు ఏ రచయిత్రి కొత్త నవల కోసం ఎదురుచూస్తున్నారో నోటికి వచ్చి ఉండేది. ఎవరికి ఏది ఇస్తే అది మర్నాటికల్లా తిరిగి వచ్చి ఇంకొకటి అద్దెకు వెళుతుందో ఎరిగి ఉండడం మీదే అతని జీవనం ఆధారపడి ఉండేది. ఆ దుకాణాలు పెంచిన చదువరుల సంఖ్యను తలుచుకుంటే, వాటిని చిన్నచూపు చూడడం అన్యాయమనిపిస్తుంది.

అందరూ చదువుతున్నారన్న మాట

ఇప్పటి పాఠకులు పుస్తకాన్ని ఎంచుకొనేటప్పుడు ఎక్కువగా ఆధారపడేది "అందరూ దీన్నే చదువుతున్నారు" అన్న సమాచారం మీద. సాధారణంగా డిసెంబరులో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలోనూ, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ ఏ స్టాలు ముందు గుంపు ఉందో చూసి ఆగేవారు చాలామంది. ఆ గుంపు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది నిదానంగా ఆలోచించవలసిన విషయం.

2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయంలో వెలుగునిస్తుంది. వారు పేరుపడని బృందాలు పాడిన 48 పాటలను 14 వేల మందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు సమూహాలుగా విడదీసి, ఒక్కో సమూహంలో ఇతరులు ఏ పాటను ఎన్నిసార్లు ఎంచుకున్నారో కూడా కనిపించేటట్టు చేశారు. ఇతరుల ఎంపిక కనిపించిన సమూహాలలో గెలిచిన పాటకూ ఓడిన పాటకూ మధ్య దూరం బాగా పెరిగింది. అంతకంటె ముఖ్యంగా, ఒక సమూహంలో అగ్రస్థానంలో నిలిచిన పాట ఇంకొక సమూహంలో ఎక్కడో కింద ఉండిపోయింది. చాలా మంచి పాటలు మరీ వెనకబడడం, చాలా బలహీనమైనవి అగ్రస్థానానికి చేరడం అరుదే. ఆ రెండు కొనలకూ మధ్యనున్న వాటికి మాత్రం ఏదైనా జరగవచ్చునని తేలింది.

పాటల మీద జరిగిన ఈ ప్రయోగాన్ని పుస్తకాలకు అన్వయించడంలో కొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పాట నాలుగు నిమిషాలలో తేలిపోతుంది, నవల నాలుగు వారాలు పట్టవచ్చు. అయినా ప్రధానమైన సంగతి నిలుస్తుంది. ఒక పుస్తకం విరివిగా అమ్ముడవుతున్నదంటే దానిలో కొంత సత్తా ఉందని అనుకోవచ్చు. దానంత సత్తా ఉన్న మరి పది పుస్తకాలు మొదటి కొద్దిరోజుల్లో పదిమంది కంట పడనందువల్ల అరలోనే ఉండిపోయి ఉండవచ్చునని కూడా అంతే గట్టిగా అనుకోవాలి. అందువల్ల పేరుపడిన పుస్తకాన్ని తిరస్కరించనక్కరలేదు. పేరుపడని పుస్తకాన్ని వెతికి, చదివి, తగినవారికి అందించే బాధ్యత మాత్రం చదివేవారి మీద ఉంది. గుంపు చేయలేని పని అదొక్కటే.

రెండో పరిశోధన ఇంకా దగ్గరి విషయానికి సంబంధించినది. 2014లో బలాష్ కోవాచ్, అమండా షార్కీ అనే పరిశోధకులు 64 ఆంగ్ల పుస్తకాలకు పాఠకులు రాసిన 38 వేలకు పైగా అభిప్రాయాలను పరిశీలించారు. వీటిలో సగం పెద్ద బహుమతులు గెలిచినవి, మిగిలిన సగం ఆ బహుమతుల తుది జాబితా వరకు వచ్చి ఆగిపోయినవి. బహుమతి ప్రకటించిన తరువాత గెలిచిన పుస్తకాలను చదివేవారి సంఖ్య పెరిగింది, వాటికి పాఠకులిచ్చే మార్కులు మాత్రం గెలవని పుస్తకాల కంటె ఎక్కువగా తగ్గాయి. దీనికి పరిశోధకులు చూపిన ప్రధాన కారణం ఏమిటంటే, బహుమతి రాకముందు ఆ తరహా రచనలను ఇష్టపడేవారే ఆ పుస్తకాన్ని వెతుక్కుని చదివారు. బహుమతి వచ్చాక ఆ తరహా రుచించని వారు కూడా పేరు విని కొని, నిరాశ చెందారు. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, చేరిన చేతులు మారాయి.

తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించిన ప్రతి సంవత్సరమూ ఇటువంటి పరిస్థితికి అవకాశం ఉంటుంది. 2019లో బండి నారాయణస్వామి 'శప్తభూమి' నవలకు, 2023లో తల్లావజ్ఝల పతంజలిశాస్త్రి 'రామేశ్వరం కాకులు' కథాసంపుటికి ఆ గౌరవం దక్కింది. మొదటిది రాయలసీమ గతాన్ని, అక్కడి ఎండనూ కరువునూ అధికార క్రౌర్యాన్నీ విశాలమైన కథనంతో చూపించే చారిత్రక నవల. రెండోది చెప్పీ చెప్పకుండా వదిలే మాటల మధ్య అర్థాన్ని నిలిపే కథలు. పురస్కారం ఒకటే కాబట్టి పాఠకుడూ ఒకడేనని అనుకుని ఈ రెండింటినీ ఒకే మనిషికి ఒకే ఊపులో ఇస్తే, వాటిలో ఒకటి నిష్కారణంగా మాటపడే ప్రమాదం ఉంది.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' బహుమతిని సమానంగా పంచుకున్నాయి. సుబ్బన్నపేట అనే గ్రామం చుట్టూ ఒక జీవన వ్యవస్థ క్షీణించడాన్ని తాత్వికమైన విస్తారంతో చెప్పే బృహన్నవల ఒకవైపు, జమీందారు కుమార్తె శారదకూ నారాయణరావుకూ మధ్య మెల్లగా పెరిగే అనురాగాన్ని స్వాతంత్ర్యోద్యమ కాలపు నేపథ్యంలో చెప్పే నవల ఇంకొకవైపు ఉండగా, న్యాయనిర్ణేతలు రెండింటినీ సమానమనగలిగారు. పాఠకునికి సలహా ఇచ్చేవారికి ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా ఉన్న మనిషికి ఈ రెండింటిలో ఏది ముందు అన్నది వారు తేల్చి చెప్పవలసిందే, ఆ తేల్చడం నవలల విలువను బట్టి కాక ఆ మనిషిని బట్టి జరగవలసిందే.

నాలుగు వాకిళ్లు

మనిషిని బట్టి తేల్చడం ఎలా అన్న ప్రశ్నకు అమెరికాలోని సియాటిల్ నగరపు గ్రంథాలయంలో చాలాకాలం పనిచేసిన నాన్సీ పెర్ల్ ఒక ఉపయోగకరమైన పద్ధతి చూపారు. ఆమె దృష్టిలో పాఠకులు పుస్తకంలోకి నాలుగు వాకిళ్లలో ఏదో ఒకదాని గుండా ప్రవేశిస్తారు: కథ, పాత్రలు, స్థలం, భాష. ప్రతి పుస్తకంలోనూ నాలుగూ ఉంటాయి, కాని ఒకటి మాత్రమే బార్లా తెరిచి ఉంటుంది. ప్రతి పాఠకుడూ నాలుగింటినీ ఆనందించగలడు, కాని అలవాటుగా ఒకదాని వైపే నడుస్తాడు. ఇది కచ్చితమైన శాస్త్రమని చెప్పలేం. అయినా, చేతిలో ఉండదగిన పనిముట్టు.

తెలుగు పుస్తకాల మీద దీన్ని ప్రయోగించి చూస్తే స్పష్టత వస్తుంది. తరువాత ఏమవుతుందన్న ఆత్రుత కోసం చదివేవారు కథ అనే వాకిలి దగ్గర నిలబడి ఉంటారు; వారికి యండమూరి 'తులసిదళం' ఎందుకు అంత పట్టుకుంటుందో, అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ఆఫ్రికన్ అమెరికన్ వంశగాథకు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం 'ఏడు తరాలు' అంతకంటె లోతుగా ఎందుకు పట్టుకుంటుందో వివరించనక్కరలేదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'ఏడు తరాలు' ఒకరి చేతినుంచి ఒకరి చేతికి చేరుతూ, పుస్తకాలతో ఏ సంబంధమూ లేని ఇళ్లలోకి కూడా వెళ్లగలిగింది. గాంబియా గ్రామం నుంచి బానిసగా అపహరణకు గురైన కుంటా కింటే తన పేరును పోగొట్టుకోకుండా ఉండడానికి పడే పెనుగులాటను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకునికి అమెరికా చరిత్ర ముందుగా తెలిసి ఉండనక్కరలేదు. చదవమని చెప్పినవారికి ఆ నమ్మకం ఉంది గనుకనే ఆ పుస్తకం అంత దూరం ప్రయాణించింది.

మనుషుల కోసం చదివేవారి వాకిలి వేరు. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల. అందులో జరిగే సంఘటనలను వరుసగా చెప్పబోతే పెద్దగా ఏమీ లేవనిపిస్తుంది. కాని ఇందిర అనే యువతి తన బరువును తానే మోసుకుంటూ, ఎవరి జాలినీ కోరకుండా, మంచితనపు ముసుగు అవసరం లేకుండా బతకడానికి తీసుకొనే నిర్ణయాలను ఒకసారి చదివినవారు ఆమెను మరచిపోలేరు. "కథ ఏమిటి?" అని అడిగే పాఠకునికి ఈ నవలను ఇవ్వడం కంటె, "అందులో మనుషులెలా ఉంటారు?" అని అడిగే పాఠకునికి ఇవ్వడం మేలు. ఇందిరను చూసి ఆమె మీద కోపం వచ్చినా ఆ పాఠకుడు పుస్తకాన్ని కిందపెట్టడు.

స్థలం కోసం చదివేవారికి తెలుగులో లోటు లేదు. కృష్ణ ఒడ్డున సత్యం శంకరమంచి నిలిపిన 'అమరావతి కథలు', గోదావరి కాలువగట్ల మీద వంశీ నడిపిన 'మా పసలపూడి కథలు', కరువు రోజుల్లో గొర్రెల మందలతో నల్లమల అడవిలోకి వెళ్లే కాపరుల బతుకును చెప్పిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఈ కోవలోకి వస్తాయి. 2021లో సినిమాగా వచ్చిన ఈ చివరి నవలను కథ ముందే తెలిసిందన్న కారణంతో పక్కన పెట్టినవారికి, అడవిలో రాత్రి మందను కాపు కాయడం ఎలా ఉంటుందో అక్షరాల్లో తెలుసుకోవడం వేరే అనుభవమని చెప్పి ఇవ్వవచ్చు. ఊరు విడిచి దూరదేశాల్లో స్థిరపడినవారికి ఈ వాకిలి మరీ పెద్దదిగా ఉంటుంది. పుట్టిన ఊరి వాసన కోసం చదివేవారు మాత్రం దొరికిన ప్రతి ఊరి కథతోనూ తృప్తిపడరు, గోదావరి మనిషికి నల్లమల కొత్త దేశమే. ఆ కొత్తదనం కావాలో, పాత చనువు కావాలో అడిగి తెలుసుకోవాలి.

నాలుగోది భాష. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటలో రాసిన 'మిట్టూరోడి కథలు' ఆ మాట చెవిన పడినవారికి మొదటి పేరాలోనే సొంతమవుతాయి. ఆ మాట ఎన్నడూ వినని వారికి కొంతసేపు అడ్డుగా నిలుస్తాయి. అడ్డు తొలగే మార్గం సులువైనది: మొదటి రెండు పేజీలను పైకి చదవమని చెప్పడం. మాండలికం, అంటే ఒక ప్రాంతపు జనం మాట్లాడే తెలుగు, కంటికి కొత్తగా ఉన్నా చెవికి త్వరగా అలవాటవుతుంది. ఈ ఒక్క మాట చెప్పకుండా ఇలాంటి పుస్తకాలను చేతిలో పెట్టడం వల్ల, ప్రాంతీయ తెలుగులో వచ్చిన గొప్ప రచనలు ఆ ప్రాంతపు ఎల్లలు దాటలేకపోతున్నాయన్నది బాధ కలిగించే వాస్తవం.

ఏ వాకిలి ఎవరిదో తెలుసుకోవడానికి "మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే లాభం తక్కువ, ఎందుకంటే ఆ ప్రశ్నకు చాలామంది తాము చదవాలనుకొనే పుస్తకాల పేర్లు చెబుతారు. "చివరిదాకా ఆపకుండా చదివిన పుస్తకం ఏది? అందులో ఇప్పటికీ గుర్తున్నది ఏమిటి?" అని అడిగితే నిజమైన జవాబు దొరుకుతుంది. గుర్తున్నది మలుపా, మనిషా, ఊరా, మాటా అన్నదాన్ని బట్టి వాకిలి తెలుస్తుంది. పుస్తకమేదీ చదవలేదన్నవారిని సినిమా గురించి ఇదే ప్రశ్న అడగవచ్చు.

చెప్పవలసినవీ, దాచకూడనివీ

పాఠకుని వాకిలి తెలిసిన తరువాత మూడు విషయాలు మిగులుతాయి: తీరిక, మనఃస్థితి, పుస్తకంలోని కష్టం.

తీరిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రోజుకు పావుగంట మాత్రమే దొరికేవారికి బృహన్నవలతో ప్రారంభం చేయించకూడదు. వారికి కథ ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఒక్క బైఠకులో ముగుస్తుంది, రోజులతరబడి వదలదు.

మనఃస్థితి విషయంలో మాత్రం తొందరపాటు హాని చేస్తుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో మనస్తత్వాన్ని అంత నిర్దయగా విప్పిన తొలి నవలల్లో ఒకటి. అందులోని సీతారామారావు పతనాన్ని రచయిత ఎక్కడా మెత్తబరచడు. ఉద్యోగం పోయో, వ్యాపారం దెబ్బతినో, తన మీద తనకే నమ్మకం సడలిన మనిషికి "గొప్ప నవల" అన్న ఒక్క కారణంతో దాన్ని ఇవ్వడం దయ లేని పని. అదే నవల రెండేళ్ల తరువాత, నిలదొక్కుకున్న రోజుల్లో, అతనికి తనను తాను చూసుకొనే అవకాశం ఇవ్వవచ్చు. పుస్తకం మారదు, దాన్ని అందుకొనే రోజు మారుతుంది. ఆప్తులను కోల్పోయినవారికి మరణం గురించిన పుస్తకాలు ఇవ్వాలన్న ఆత్రం కూడా ఇలాంటిదే. వారు అడిగేదాకా ఆగడం మంచిది.

పుస్తకంలోని కష్టాన్ని దాచడం సూచించేవారు చేసే అతి సాధారణమైన పొరపాటు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి అంతరంగంలోకి కథనం పదేపదే వెళ్లి ఆగుతుంది. ఆ ఆగడమే ఆ నవల ప్రాణం. ముందుగా ఆ మాట చెబితే పాఠకుడు ఆ నడకకు సిద్ధపడతాడు, చెప్పకపోతే కథ కదలడం లేదని విసుగుపడతాడు. "మొదటి నలభై పేజీలు నిదానంగా సాగుతాయి", "పేర్లు చాలా ఉంటాయి, కాగితం మీద రాసుకోండి", "హింస ఉంది", "ఇందులో సుఖాంతం లేదు" వంటి ఒక్కో వాక్యం పుస్తకానికి చేసే సేవ అపారం. ఎవరికి నచ్చదో చెప్పగలిగినప్పుడే, ఎవరికి నచ్చుతుందో చెప్పిన మాటకు బలం వస్తుంది.

ఇక పేర్ల సంఖ్య. అడిగినవారికి పదిహేను పేర్ల జాబితా ఇవ్వడం వల్ల ఇచ్చినవారి పాండిత్యం తెలుస్తుంది, అందుకున్నవారికి నిర్ణయించుకొనే భారం మిగులుతుంది. ఒక్క పేరు చెప్పి, అది దొరకకపోతే రెండోది చెప్పడం చాలు. దొరకడం కూడా ఆలోచించవలసిన విషయమే; ముద్రణలో లేని పుస్తకాన్ని ఊరించి వదిలేసే బదులు, తమ ప్రతిని ఇవ్వడమో, ఆబిడ్స్ ఆదివారపు ఫుట్‌పాత్ మీదో కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లోనో వెతకమని దారి చూపడమో చేయాలి.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల ప్రత్యేక సమస్య

ఇప్పుడు యువత ఒకరికొకరు చెప్పుకొనే పుస్తకాలలో పెద్ద భాగం ఈ కోవకే చెందుతుంది. జేమ్స్ క్లియర్ 2018లో రాసిన 'అటామిక్ హ్యాబిట్స్', మోర్గన్ హౌసెల్ 2020లో రాసిన 'ది సైకాలజీ ఆఫ్ మనీ', 'ఇకిగై', 1997 నాటి 'రిచ్ డాడ్ పూర్ డాడ్' వంటివాటిని ఆంగ్లంలోనో అనువాదంలోనో చదవని ఉద్యోగార్థి అరుదు. తెలుగులో యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' ఆ దారిని చాలాముందే వేసింది. వీటిని తక్కువగా చూసేవారు, ఇవి ఎంతోమందిని మొదటిసారి పుస్తకం చివరి పేజీదాకా తీసుకెళ్లాయన్న నిజాన్ని గుర్తించడం లేదు.

అయితే ఈ పుస్తకాలను సూచించడంలో ఒక సున్నితమైన ప్రమాదం ఉంది. నవలను ఇచ్చినప్పుడు "నాకు నచ్చింది, నీకూ నచ్చవచ్చు" అన్న భావం అందుతుంది. అలవాట్ల గురించిన పుస్తకాన్ని, కోపాన్ని జయించడం గురించిన పుస్తకాన్ని అడగకుండా ఇచ్చినప్పుడు "నీలో ఈ లోపం ఉంది" అన్న తీర్పు అందుతుంది. తండ్రి కొడుక్కి, భార్య భర్తకు, పై అధికారి కింది ఉద్యోగికి ఇచ్చిన ఇలాంటి పుస్తకాలు చాలావరకు చదవబడకుండానే ఉండిపోవడానికి కారణం ఆ పుస్తకాలలో లేదు. దీనికి తగిన పద్ధతి ఒకటే: ఆ పుస్తకాన్ని ముందు తాము పాటించడం, దానివల్ల తమలో వచ్చిన మార్పు ఎదుటివారి కంటపడి, వారే అడిగేదాకా వేచి ఉండడం. అడిగినప్పుడు కూడా పుస్తకం మొత్తాన్ని కాక, తమకు పనికొచ్చిన ఒక్క అధ్యాయాన్ని చూపడం మేలు, ఎందుకంటే ఈ తరహా పుస్తకాల్లో అసలు విషయం కొద్ది పేజీల్లోనే ఉండి, మిగిలినదంతా ఉదాహరణల విస్తరణ కావడం తరచుగా కనిపిస్తుంది. పుస్తకాన్ని చదివి ముగించడమే మారడమనుకొనే భ్రమ కూడా ఇక్కడే ఎక్కువ. ఒకటి ఆచరణలోకి రాకముందే రెండోది కొనేవారికి మూడోదాని పేరు చెప్పకుండా ఉండడం కూడా ఒక మంచి సూచనే.

సూచన అందుకొనేవారు

వినేవారికి కూడా కొంత నేర్పు కావాలి. ఎవరి మాట తమకు సరిపోతుందో కనిపెట్టడం అందులో మొదటిది. పెద్ద చదువరి మాట ప్రతిసారీ సరిపోతుందన్న నమ్మకం లేదు. తమకు నచ్చిన రెండు మూడు పుస్తకాలు ఎవరికి నచ్చాయో, తమకు నచ్చనిది ఎవరికి నచ్చలేదో వారి మాట ఎక్కువ విలువైనది. అభిరుచి పూర్తిగా ఎదురైన మిత్రుడు కూడా పనికొస్తాడు, అతను విసుక్కున్న పుస్తకాన్ని ధైర్యంగా కొనవచ్చు.

చదువుతున్న పుస్తకం సాగనప్పుడు ఎక్కడ ఆపాలన్న దానికి నాన్సీ పెర్ల్ ఒక లెక్క చెప్పారు. యాభై ఏళ్లలోపు వారు యాభై పేజీలు చదివి నిర్ణయించుకోవాలి. యాభై దాటినవారు నూరులోంచి తమ వయసును తీసివేస్తే ఎన్ని మిగిలితే అన్ని పేజీలు చదివితే చాలు. డెబ్బై ఏళ్ల పాఠకునికి ముప్పై పేజీలన్నమాట. మిగిలిన కాలం తగ్గుతున్నకొద్దీ నచ్చని పుస్తకానికి ఇవ్వవలసిన ఓపిక కూడా తగ్గవచ్చునన్న ఈ లెక్కలో గొప్ప మానవత్వం ఉంది. అయితే 'వేయిపడగలు' వంటి నవలకు యాభై పేజీలు చాలవన్న అభ్యంతరం న్యాయమైనదే; అలాంటిచోట ఒంటరిగా చదవకుండా తోడు వెతుక్కోవాలి. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి చేస్తున్నట్టు, కొందరు కలిసి ఒకే పుస్తకాన్ని చదివి, ఒకచోట కూర్చుని మాట్లాడుకొనే ఏర్పాటు కఠినమైన పుస్తకాలకు బాగా సరిపోతుంది. ఫలానా తేదీకి నలుగురు తన అభిప్రాయం అడుగుతారన్న ఎరుక పాఠకుని ముందుకు నడిపిస్తుంది. తనకు అందని చోటు ఇంకొకరికి అందిందని తెలియడం పుస్తకాన్ని మళ్లీ తెరిపిస్తుంది.

చివరిగా, చదివిన తరువాత తిరిగి చెప్పవలసిన మాట. పుస్తకం ఇచ్చినవారిని నొప్పించకూడదన్న మర్యాదతో "బాగుందండీ" అని ఊరుకోవడం మనవారిలో ఎక్కువ. దానివల్ల ఇచ్చినవారు ఏమీ నేర్చుకోలేరు, తరువాతి పుస్తకం కూడా గురి తప్పుతుంది. నచ్చకపోతే నచ్చలేదని, ఏ పేజీ దగ్గర ఆగిపోయిందీ, అక్కడ ఏం అడ్డొచ్చిందీ చెప్పాలి. నచ్చితే ఏ పాత్ర దగ్గర, ఏ మాట దగ్గర ఆగి మళ్లీ చదివిందీ చెప్పాలి. ఇచ్చినవారు కూడా "పూర్తి చేశారా?" అని పరీక్షాధికారిలా అడగకుండా, "ఎక్కడిదాకా వచ్చారు, ఎలా ఉంది?" అని అడిగితే ఆ నిజం చెప్పడం సులువవుతుంది. 'కాలాతీత వ్యక్తులు' సగంలో ఆపేసిన పాఠకుడు ఇందిర మీద చిరాకుతో ఆపాడా, కథ కదలలేదని ఆపాడా అన్నది తెలిస్తే, అతనికి తరువాత 'నారాయణరావు' ఇవ్వాలో 'ఏడు తరాలు' ఇవ్వాలో నిర్ణయించడం కష్టం కాదు.